ఖాదర్ భాయి వెతుకుతున్న నంబర్

మీరు పోయాక, ఊరూరి దోస్తులతో మాట్లాడే మీ హ్యామ్ రేడియోను ఎవరూ ముట్టరన్నారు. తప్పు. నిన్న సాయంత్రం మన మనవరాలు పద్మ ముట్టింది. అంకెల చక్రాలు తిప్పితే లోపలి సర్క్యూటే ఫ్రీక్వెన్సీ, అదే మీరనే నంబర్, మారుస్తుందని దానికి నేర్పింది మీరే. అయినా పద్మ మీరు పెట్టిన అంకెలు కదపలేదు. రేడియో పెట్టగానే తాండూరు నుంచి మీ రేడియో దోస్తు ఖాదర్ భాయి గొంతు. నెల్లాళ్లు ఊళ్లో లేడు, ఇప్పుడే తిరిగొచ్చినట్టుంది. మీరు పోయిన సంగతి వికారాబాదంతా ఎరుగును, ఆయనకే తెలియదు.

“భాయ్‌సాబ్, నంబర్ మార్చినవా ఏంది? చక్రాలు తిప్పి తిప్పి పరేషానైన. జర జవాబియ్యి!”

జవాబిద్దామంటే లైసెన్సు మీది. మీతోపాటే చెల్లిపోయింది.

“నానమ్మా, మనమే నంబర్ మారుద్దామా? వినలేకపోతున్న,” అంది పద్మ.

“మారిస్తే మనకు వినబడదు గాని, ఆయన వెతుకుడు ఆగదు బిడ్డా. పొద్దుగాల బండికి తాండూరు పో. ముందు ఆయనను కూసోవెట్టు, తర్వాత చెప్పు. వచ్చేటప్పుడు కందిపప్పు తే.”