చివరి వరుస

అక్కా,

నువ్వు పోయి ఏడాదైందని ఇవాళ ఇందుకూరుపేటలో మీ పరిశోధన కేంద్రం ద్రాక్షతోటలో సభ పెట్టారు.

సముద్రపు తేమకి బూజు తెగులు తప్పకుండా వస్తుందనే నువ్వు ఇక్కడ తోట వేశావు. చివరి వరుసకి ఏనాడూ మందు కొట్టనివ్వలేదు. తెగులును సొంతంగా తట్టుకునే తీగ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశావు.

ఇవాళ ఆ వరుసంతా పచ్చగా ఉంది.

"ఆకులకి బూజు పట్టి అసయ్యంగా ఉన్నింది మేడం. సభకి పెద్దోళ్లు వస్తారని నెల నుంచి మందు కొట్టిస్తా ఉండాం" అన్నాడు నీ స్థానంలో వచ్చిన కొత్త అధికారి, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

ఏ తీగ తనంతట తాను నిలబడేదో ఇక ఎవరూ చెప్పలేరు.

వేదిక మీద నీ పరిశోధనను తెగ పొగిడారు. నీ ఫొటోకి వేయమని దండ నా చేతికిచ్చారు. దాన్ని మూలనున్న మందు పంపుకి వేసి వచ్చేశాను.