పడవ వాటా

2004 ఆగస్టు, గురువారం

ఈరోజు సావుకారికి కాదని చెప్పేశాను. జీడిపిక్కలు ఉడికించే బాయిలర్‌కి డబ్బంతా తానే పెడతానన్నాడు. తిరిగి కట్టక్కర్లేదట, మా జీడిపప్పు షెడ్డు లాభంలో సగం వాటా ఇస్తే చాలట. అదే బ్యాంకు అప్పయితే పని ఉన్నా లేకున్నా నెలనెలా వాయిదా కట్టాలి.

డొంకూరు నుంచి అయ్య వచ్చి పొద్దున్నంతా నచ్చజెప్పాడు. "వాటాయే మేలమ్మా. మా పడవే సూడు. సేపలు పడితే పడవకో వాటా, వలకో వాటా, మనిసికో వాటా. పడకపోతే అందరం ఉత్త సేతుల్తో ఇంటికెల్తాం. అప్పిచ్చినోడైతే ఒడ్డు మీదే కాసుక్కూకుంటాడు."

"సముద్రం నీకు నెలనెలా ఇత్తాదేటి అయ్యా? నాకు కాశీబుగ్గ వ్యాపారులు ఏడాది పొడుగునా పిక్కలు పంపుతన్నారు, ఒలిచినందుకు నెలనెలా కూలి ఇత్తన్నారు. అప్పు ఐదేళ్ళకి తీరిపోద్ది. సావుకారి వాటా ఎప్పుడు తీరుతాది?"

అయ్య కండువా దులుపుకుని నాతో బ్యాంకుకి బయల్దేరాడు. నేను సంతకాలు పెడుతుంటే, ఎవరూ అడక్కపోయినా, "మా పిల్లే" అని మేనేజరుకి రెండుసార్లు చెప్పాడు.

పిక్కలు రాని నెల ఒకటి వస్తే ఏం చేస్తానో నాకింకా తెలియదు…

బస్సెక్కుతూ అయ్య అన్నాడు: "వాయిదాకి ఇబ్బందయిన నెల కబురెట్టు. ఆ నెల పడవ వాటా నీది."

పడవ మరమ్మతులకని, ఆ వాటా అమ్మ చేతికి కూడా ఎప్పుడూ ఇవ్వలేదు అయ్య.