లేని చీమల మీద ఇచ్చిన ఫిర్యాదు వాపసు

సలాలా,
ఆగస్టు నెల, సోమవారం.

మహారాజశ్రీ ప్రసాద్ బాబు గారి సముఖమునకు,
వసతి అధికారి, లేడీస్ క్యాంపు.

అయ్యా,

విషయం: లోగడ నేనిచ్చిన ఫిర్యాదులన్నియు ఉపసంహరించుకొనుట, మరియు నన్ను పిచ్చిదానిగా ఎంచి ఊరికి పంపవద్దని ప్రార్థించుట గురించి.

ఆసుపత్రి పిల్లల వార్డులో క్లీనింగ్ డ్యూటీ చేయుచున్న పాలకొల్లు వాస్తవ్యురాలు, తమ క్యాంపులో పై బెడ్డు నివాసి అయిన జ్ఞానాంబ సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

మొన్న గురువారం తమరు నన్ను ఆఫీసుకు పిలిపించి, "జ్ఞానాంబ గారూ, మీరు బాగా అలిసిపోయారండి. నెలాఖరుకి టికెట్ తీయిస్తాను, ఊరెళ్ళి రెస్ట్ తీసుకోండి" అని సెలవిచ్చియున్నారు. మాట మెత్తగానే ఉన్నది. కానీ నేను గడప దాటకముందే సూపర్వైజర్ షోయబ్‌తో "మెంటల్ కేస్ హై" అన్నారు. నాకు చెవుల్లో హోరు ఉన్నమాట నిజమే గానీ, ఆ మాట మాత్రం స్పష్టంగా వినపడింది. కావున ఈ క్రింది వివరములు తెలియపరచుకొనుచున్నాను.

1. చీమల విషయము. నా పరుపులో చీమలున్నవని నేను ఫిర్యాదు చేయగా తమరు దయతో మందు కొట్టువారిని పంపితిరి. రూమ్‌లోని వారందరమూ ఇక్కడ ఖరీఫ్ అనే వానాకాలపు జల్లుల్లో వరండాలో నిలబడితిమి. చీమలు పోలేదు. మళ్ళీ ఫిర్యాదు చేసితిని, మళ్ళీ కొట్టిరి. కడప నుండి వచ్చిన జైనబీ తన మంచం కింద ఖర్జూరాల సంచి పెట్టుకున్నది. దోషమంతా దానిదేనని నేను పట్టుబట్టి బయట పెట్టించితిని. ఆమె "యాడుండాయక్కా చీమలు? ఒగటి సూపిచ్చు, నేనే నలిపేస్తా" అన్నది. నేను చెయ్యి చాపి చూపించాను. చేతి మీద నా గోళ్ళ గీతలు తప్ప ఏమీ లేవు. అయినా పాకుతూనే ఉన్నాయి. కళ్ళతో చూస్తూ ఉండగా, ఏమీ లేని చేతి మీద చీమలు పాకడం ఎలా ఉంటుందో తమకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

2. కరెంటు విషయము. నా మంచం ఇనుప చట్రం షాకు కొట్టుచున్నదని ఫిర్యాదు చేసితిని. ఎలక్ట్రీషియన్ ఇస్రార్ వచ్చి టెస్టరు పెట్టి చూసి, "ఆపా, ఇస్ మే కరెంట్ నహీ హై" అని వెళ్ళిపోయెను. తర్వాత వార్డు తుడుస్తుండగా భుజం నుంచి చిటికెన వేలిదాకా జిల్లుమని కొట్టింది, ఆ వెంటనే ఒళ్ళంతా ఆవిరి పట్టినట్టయింది. మాప్‌కున్నది ప్లాస్టిక్ కర్ర. అప్పుడైనా నాకు అనుమానం రావలసినది.

3. ఏసీ విషయము. ఏసీ కుయ్యిమని మోగుచున్నదని ఫిర్యాదు చేసి, ఇంకా జల్లులు మొదలవని జూన్ ఉక్కలో దానిని ఆపించితిని. మా రూమ్‌లోని నసీమా తడిగుడ్డ ముఖాన వేసుకుని పడుకున్నది. ఏసీ ఆగినా మోత ఆగలేదు. చర్చిలో కూడా మోగింది. అక్కడ ఉన్నవి ఫ్యాన్లే. ప్రభువా, ఈ ఒక్క కుయ్యిమనడం ఆపు, ఇంకేమీ అడగను అని ప్రార్థన చేసుకున్నాను. అంత అలిసిపోయానయ్యా.

4. నాల్గవది ఫిర్యాదు కాదు, డాక్టరమ్మ చెప్పిన లక్షణము. అది నాకు లేదు. ఎవరికో ఉన్నట్టు అనిపించింది. ఎవరికి? ఇప్పుడే నోటి చివర ఉన్నది, పోయింది. ఇలా మరపు రావడం కూడా అందులో భాగమేనట. జ్ఞాపకం రాగానే విన్నవించుకొందును.

డాక్టరమ్మ అనగా మా ఆసుపత్రి ఆడవారి ఓపీలో కూర్చునే హఫ్సా గారు. నిన్న డ్యూటీ అయ్యాక భయపడుతూనే వెళ్ళి చెప్పుకున్నాను. ఆమె రక్తపరీక్ష చేయించి, వయసు అడిగి, హిందీలో నిదానంగా చెప్పారు. ఒంట్లో ఆవిర్లు వస్తాయని అందరికీ తెలుసట. కొందరికి చీమలు, షాకులు, చెవుల్లో మోత కూడా వస్తాయట, అవి ఎవరూ చెప్పుకోరట. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె తన మోచెయ్యి గోక్కున్నారు. "నాకు ఇక్కడ" అని నవ్వారు. పిచ్చి కాదని తెలిసి నేను అక్కడే, ఆమె టేబుల్ ముందే ఏడ్చాను.

అయ్యా, ఈ మాట మగవారికి వ్రాయదగినది కాదు. నాకు ముట్లుడుగుచున్నవి. వ్రాసేశాను. ఇంతకంటే మర్యాదగా ఎలా వ్రాయాలో క్యాంపులో ఎవరికీ తెలియలేదు. "ఆడోళ్ళ సంగతి అని రాయక్కా, ఆయప్పకు అర్థమైతాది" అని జైనబీ అన్నది. అర్థం కాదు. ఇన్నాళ్ళూ నాకే అర్థం కాలేదు, తమకేమి అవుతుంది?

కనుక చీమలు, కరెంటు, ఏసీ మూడూ నిర్దోషులని ఇందుమూలముగా అంగీకరించుచున్నాను. జైనబీ ఖర్జూరాల సంచిని దాని చోట పెట్టుకొనుటకు నాకు అభ్యంతరము లేదు. కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవడం లేదు గనుక నాకు కింది బెడ్డు ఇప్పించవలెను. ముఖ్యముగా ఆ టికెట్టు ఆపించవలెను. ఊరికి పంపితే చీమలు ఇక్కడ ఆగిపోవు, నాతోనే విమానం ఎక్కుతాయి. వాటికి టికెట్టు కూడా అక్కర్లేదు. కానీ "గల్ఫులో పిచ్చెక్కి వచ్చేసిందంట" అన్న మాట నాకంటే ముందే ఊళ్ళో దిగుతుంది. ఆ తర్వాత నన్ను ఎవరు పనిలో పెట్టుకుంటారు? తమరు షోయబ్‌తో అన్న మాటను తమ నోటితోనే షోయబ్ దగ్గర వెనక్కి తీసుకోవాలని నా ప్రార్థన. డాక్టరమ్మ ఇచ్చిన చీటీ జతపరచడమైనది.

ఇంకా వ్రాయుటకు ఓపిక లేదు. ఉన్నంతవరకు వ్రాసినది దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జ్ఞానాంబ

తా.క.: నాల్గవది జ్ఞాపకం వచ్చింది. కవరు అంటించబోతుంటే వచ్చింది. నోరు మండడం. కారం తినకపోయినా నాలుక కాలినట్టు మండుతుందట. అది ఎవరిలో చూశానా అని పొద్దుట్నుంచీ తల బద్దలు కొట్టుకుంటున్నాను.

మొన్న శుక్రవారం ప్రార్థన కూడికలో మీ ఇంటావిడ బ్యూలా గారు అన్నం ముట్టకుండా ఐసు ముక్కలు నోట్లో పెట్టుకుని కూర్చున్నారు. "పెరుగన్నం కూడా మండిపోతందండీ" అన్నారు. మీరు అందరి ముందూ "ఆవకాయ మానమంటే వింటదేంటి?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆవకాయ కాదు బాబూ. ఆవిణ్ణి హఫ్సా గారి దగ్గరికి తీసుకెళ్ళండి. మీరే తోడు వెళ్ళండి. ఊరికి మాత్రం పంపించెయ్యకండి.