ఎడమ డొక్క

మద్రాసు,
18 నవంబరు 1936.

అమ్మకు జగ్గారావు నమస్కారాలు. నేనిక్కడ కులాసా. ఉంగుటూరులో నువ్వూ, నాన్నగారూ, నాయనమ్మా ఒంట్లో నలత లేకుండా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అందులో వార్తలు నాలుగు, ప్రశ్నలు పదిహేడు. జవాబులు రాకపోతే నీకు తోచదు గనక రాస్తున్నాను.

అవును, చచ్చిన పశువులనే కోస్తున్నాం. బతికున్నవి ఒప్పుకోవు. రోజూ రెండుపూటలా తలంటుకోమన్న నాయనమ్మకు చెప్పు: కుంకుడుకాయ, శీకాయ, కార్బాలిక్ సబ్బు అన్నీ అయ్యాయి. పశువు చెడకుండా ఎక్కించే మందు వాసన వేళ్లను వదలదు. చారు కలిపినా అదే, మజ్జిగ పోసినా అదే. నువ్వు పంపిన గోంగూర పచ్చడి ఒక్కటే దానికి ఎదురు నిలిచింది. అదీ అయిపోయింది.

"గొడ్ల చదువుకి మద్రాసు దాకా దేనికి, మా దొడ్లోనే బోలెడున్నాయి" అన్న గణపవరం మావయ్యను ఒక్క పూట తెచ్చి మా బల్ల దగ్గర నిలబెట్టాలి. నిరుడంతా గుర్రం. ఈ ఏడు ఎద్దు. ఇనప కొక్కేలకు గొలుసులేసి, ప్రాణమున్నప్పుడు నిలబడ్డట్టే నిలబెడతారు. నాతోపాటు కోసేవాడు విశ్వాసం, తాడేపల్లిగూడెం మిషను బడి మేష్టారి కొడుకు. మంచివాడే. కాని కత్తి పట్టాడంటే పాట ఎత్తుకుంటాడు. ఆ పాట ధ్యాసలో, మూడు రోజులు నడుం విరిగేలా వంగి నేను విడదీసిన నరాన్ని కాస్తా తెగ్గోశాడు.

"పోనిద్దురూ జగ్గారావుగారూ, అవతలి కాల్లో ఇంకోటి ఉంది కదండీ" అన్నాడు.

అవతలి కాలు వేరేవాళ్లది. వాళ్లు మమ్మల్ని దాని దరిదాపులకు రానివ్వరు. ఇదమ్మా నా చదువు.

కొత్త పాలేరు మధ్యాహ్నం దాకా దూడను విప్పడని విసుక్కున్నావు. ఆ కిందనే, మన పాత పాలేరు గంగరాజు కొల్లేటి గట్టున చేపల బుట్టలు మోస్తున్నాడట, చిక్కిపోయాడట అని రాశావు. ఆ ముక్క చదివాక రెండు రోజులు కలం పట్టలేకపోయాను. ఎందుకో చెబుతాను. కోపగించుకోకుండా చివరిదాకా చదువు.

పోయిన వారం ఎద్దు పొట్ట తెరిచాం. ఎడమవైపు కోయగానే, గుమ్మం నిండా అడ్డం పడ్డ ధాన్యపు బస్తాలా, మేత నిండే పెద్ద పొట్ట బయటపడింది. కుడివైపు కోస్తే పేగులు. మా మేష్టారు అందరినీ చుట్టూ నిలబెట్టి, "కడుపు ఉబ్బిన పశువుకి గాలి తియ్యడానికి గొట్టపు సూది ఎటువైపు గుచ్చుతారు?" అని అడిగారు. జవాబూ ఆయనే చెప్పారు. "గుర్రానికి కుడి. ఎద్దుకీ, ఆవుకీ, గేదెకీ ఎడమ. ఇది మరిచినవాడు పశువుల జోలికి పోకుండా ఉంటే అదే వైద్యం" అన్నారు. అందరూ నవ్వారు. నేను బయటికొచ్చి పంపు దగ్గర కక్కుకున్నాను. వాసన వల్ల అనుకుని విశ్వాసం వీపు నిమిరాడు.

అమ్మా, వేసవి సెలవుల్లో మన గేదె తాడు తెంపుకుని తడి పిల్లిపెసర మేసి ఉబ్బినప్పుడు, సూది గుచ్చింది నేను. కుడి డొక్కలో గుచ్చాను. నాకు తెలిసింది గుర్రమొక్కటే. ఆ సంగతి ఒప్పుకోలేక డాక్టరునైపోయాను.

దాని తల పట్టుకుని ఉన్న గంగరాజు చెప్పాడు. "బాబూ, ఉబ్బింది ఎడం డొక్క కదండీ. అటేపు గుచ్చుతారేంటండీ?"

"చదివింది నువ్వా, నేనా? నోర్ముయ్" అన్నాను.

నాన్నగారి వయసు మనిషిని అంత మాటన్నాను. నా కళ్లెదుటే గేదె కూలబడి ప్రాణం విడిచింది. నాన్నగారు వచ్చి ఏమైందని అడిగితే, "గంగరాజు కనిపెట్టుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదండీ" అన్నాను. గంగరాజు నా వంక చూశాడు. ఇరవై రెండేళ్లు మన గొడ్లను సాకిన మనిషి, భుజం మీద తువ్వాలు సర్దుకుని పని వదిలి వెళ్లిపోయాడు. నేను ఆ పూట కూడా మీగడపెరుగు వేసుకుని తిన్నాను.

అతన్ని పిలిపించండి. వస్తాడో రాడో అతని ఇష్టం. క్రిస్మస్ సెలవులకు ఏలూరులో దిగి, ముందు కొల్లేటికి పోయి అతన్ని చూశాకే ఇంటికొస్తాను.

నిన్న గంగరాజు భార్య సూరమ్మ పేర మన ఊరికి కార్డు రాశాను. "గేదె నా వల్ల పోయింది, గంగరాజు చెప్పిందే సరి" అని. ఆవిడకి చదువు రాదు. కొట్టు అరుగు మీద ఎవరిచేతనో చదివించుకుంటుంది. పదిమందీ వింటారు. అది తెలిసే కవర్లో పెట్టలేదు.

నాన్నగారి చెవిన అరుగు మీది మాట పడకముందే ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఇట్లు,
నీ కొడుకు
జగ్గారావు