సెగ బ్యాండ్, చిట్యాల

12 జనవరి 1992

పాత బిల్లు పుస్తకం వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఈరోజు నుంచి వీటిలో డైరీ రాస్తాను.

కారణం ఉంది. మాకొక బ్యాండ్ ఉంది. పేరు సెగ. ముగ్గురమే. నాది గిటార్, ఇస్రాయేలుది డప్పు, వాళ్ల అక్క జంగమ్మది పాట. నాట్లలో, కలుపుల్లో ఆమె పాడుకునే పాటలకు నేను గిటార్ కడుతున్నాను. గిటార్ సికింద్రాబాద్ ఆర్కెస్ట్రా అతని దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తెచ్చింది. ఆంప్లిఫయర్ నా షాపులోనే చేసుకున్నది. చిట్యాలలో రేడియోలు బాగుచేసే కరీం రాక్ స్టార్ అయ్యాడని రేపు జనం చెప్పుకోవాలి. డైరీలో కూడా సిగ్గుపడితే ఎలా.

మా అబ్బాజాన్ బాబా మియా పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. మా ప్రాక్టీస్ విని, జొన్నచేన్ల పిట్టలు తోలేటందుకు గిట్లనే సప్పుడు చేస్తరు అన్నాడు.

3 ఫిబ్రవరి

కిటుకు దొరికింది. నేను కనిపెట్టింది కాదు.

వాయించే ముందు ఇస్రాయేలు గడ్డిమంట వేసి డప్పును సెగకు పెడతాడు. తోలు బిగుసుకుని ఖంగుమంటుంది. మూడో పాటకల్లా చల్లారి దాని గొంతు దిగుతుంది. ఇన్నాళ్లూ నేను ఒకే శృతి పట్టుకుని, డప్పు తప్పుతోందని అతనితో కొట్లాడుతున్నాను. ఈరోజు జంగమ్మక్కకు విసుగొచ్చింది. డప్పు దిగుతాంటె నీ తీగలు నువ్వు దించుకోరాదా, నేను దించుకుంటలేనా అంది.

నిజమే. ఆమె గొంతు ఎప్పుడూ డప్పు వెంటే దిగుతోంది. వినంది నేనే. తీగలు దించాను. మూడూ ఒకటైపోయాయి. 

20 ఫిబ్రవరి

ఇస్రాయేలు ఒక డప్పు చట్రం తెచ్చిచ్చాడు. తోలు లేదు, ఉత్త వేపచెక్క. వాళ్ల నాయిన జానయ్యది. ఆయన పోయి ఆరేళ్లు. చెయ్యి పట్టుకునే చోట చెక్క నున్నగా అరిగిపోయి ఉంది. గిది నీ దగ్గర ఉండనియ్, కొత్త తోలు ఎక్కిద్దాం, నువ్వు గూడ నేర్చుకో అన్నాడు. షాపులో గోడకు తగిలించాను. పొద్దున్నుంచి నాలుగుసార్లు చూసుకున్నాను.

29 మార్చి. కొల్లాపూర్

యువజన సంఘం వాళ్లు పిలిచారు. తీరా వచ్చాక, గిటార్, పాట స్టేజి ఎక్కొచ్చట, డప్పు మాత్రం కింద ఉండాలట. మీద పెద్దమనుషులు కూసుంటరు గద అన్నారు. ఇస్రాయేలు నేల చూశాడు. అలవాటైన చూపు అది. నాకు ఒళ్లు మండింది. గిటార్ సంచిలో పెట్టి జిప్ లాగాను. డప్పు కిందుంటె అందరం కిందనే అన్నాను.

ముగ్గురం నేల మీదే వాయించాం. రెండో పాటకు జనం స్టేజిని వదిలేసి మా చుట్టూ మూగారు. పెద్దమనుషులకు జనం వీపులే కనిపించాయి. తిరుగు బస్సులో ఇస్రాయేలు నా భుజం మీద వేసిన చెయ్యి నల్లగొండ దాకా తీయలేదు. నేనెంత మంచివాడినో అనుకుంటూ కూర్చున్నాను.

9 మే. మక్తల్

ఆడవాళ్లు మంటకు గడ్డి మోపులు మోసుకొచ్చారు. ఒకే పాట మూడుసార్లు పాడించారు. పేపరతను మంట ముందు మాకు ఫోటో తీశాడు. జంగమ్మక్క జర ఆగు అని కొంగు సర్దుకుంది. సంతోషంగా ఉంది. ఇంకేం రాయను.

30 జూన్

ఫోటో చూసి హైదరాబాద్ క్యాసెట్ కంపెనీ కబురు చేసింది. మాట్లాడడానికి నేనొక్కడినే వెళ్లాను. ఆగస్టులో రికార్డింగ్, ఎనిమిది పాటలు. మేనేజర్ రెండు షరతులు చెప్పాడు. ఏసీ గదిలో మంట కుదరదు. తలూపాను. తోలు డప్పు అసలే వద్దు, గదంతా వాసన వస్తుంది, ఇంకేదైనా తెచ్చుకోండి అన్నాడు. దానికీ తలూపాను.

కొల్లాపూర్‌లో జిప్ లాగిన చేతులే ఇవి. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి ఇస్రాయేలుకు మంట సంగతి ఒక్కటే చెప్పాను. చాయ్ హోటల్ పొయ్యి కాడ కాపుకుంట తియ్, ఫికర్ జెయ్యకు అన్నాడు.

18 జులై

డప్పు తయారు చేశాను. అబ్బాజాన్ వాళ్ల బ్యాండు సైడ్ డ్రమ్ముకు వేసే ప్లాస్టిక్ షీట్, ఎనిమిది బోల్టులు. మంట అక్కర్లేదు, స్పానర్ చాలు. శృతి దిగదు. చట్రం గోడ మీద ఉండనే ఉంది. డ్రిల్లుతో ఎనిమిది తూట్లు వేశాను. వాళ్ల నాయినదే కాబట్టి ఇస్రాయేలు సంతోషపడతాడని అనుకుంటున్నాను.

కొత్త షీట్ ఏడబోయిందిరా అని అబ్బాజాన్ ఇల్లంతా వెతుకుతున్నాడు. తెలియదన్నాను.

19 జులై

ఇస్రాయేలుకు చెప్పాలి.

2 ఆగస్టు

చెప్పలేదు.

11 ఆగస్టు. హైదరాబాద్, మధ్యాహ్నం 3

వాన. స్టూడియో నాలుగో అంతస్తులో ఉంది, చాయ్ హోటల్ రోడ్డు అవతల. ఇస్రాయేలు పొయ్యి దగ్గర డప్పు కాపుకుని, చొక్కా విప్పి దానికి చుట్టి, నాలుగంతస్తులు పరుగెత్తి వచ్చాడు. పైకి వచ్చేసరికి తోలు మెత్తబడింది. మళ్లీ వెళ్లాడు. రెండోసారి వచ్చేసరికి తలుపు దగ్గర మేనేజర్ నిలబడి ఉన్నాడు. తోలు వద్దని మీవాడికి జూన్‌లోనే చెప్పాను కదా, సరేనని వెళ్లాడు కదా అన్నాడు.

ఇస్రాయేలు నా వైపు చూశాడు. ఒంటి మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

నేను సంచిలోంచి ప్లాస్టిక్‌ది తీశాను. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. అతను దాన్ని అందుకుని తిప్పి చూశాడు. వేళ్లు నున్నటి చోటుకు వెళ్లి ఆగాయి. తర్వాత ఒక్కో తూటునూ బొటనవేలితో తడిమాడు. ఎనిమిదీ తడిమాడు. జంగమ్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వాయించాడు. ఎనిమిది పాటలూ. ఒక్క తప్పు లేదు. నేను తీగలు ఒక్కసారీ దించలేదు. జంగమ్మక్క గొంతు మాత్రం అలవాటు కొద్దీ మూడో పాటకు కిందికి దిగింది. మేనేజర్ పైనే ఉండమన్నాడు. ఆమె పైకి వచ్చింది, కష్టంగా.

అయిపోయాక ఇస్రాయేలు ఆ డప్పు నా ఒళ్లో పెట్టాడు. తన డప్పును చొక్కాలో చుట్టుకుని అక్కతో మెట్లు దిగాడు. నేను మిక్సింగ్‌కు ఉండిపోయాను. మిక్సింగ్‌కు నా అవసరం లేదు.

6 అక్టోబర్

క్యాసెట్ వచ్చింది. అట్ట మీద మక్తల్ ఫోటో. ముగ్గురి ముందూ ఎర్రగా మంట. హైవే మీద ప్రతి హోటల్లో మోగుతోంది. నిన్న ఒక లారీ డ్రైవర్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నేను అనుకున్నది జరిగింది.

15 అక్టోబర్

మూడు ఊర్ల వాళ్లు ప్రోగ్రాంకు పిలిచారు. ఇస్రాయేలు ఇంటికి వెళ్లాను. లోపల ఉండి బయటికి రాలేదు. జంగమ్మక్క గడపలో నిలబడి మాట్లాడింది. వాని కోపం ప్లాస్టిక్ మీద గాదు తమ్మీ అంది. తోలు వద్దన్నరని నువ్వొక్క మాట చెప్తె, ముగ్గురం గలిసి మర్లి వస్తుంటిమి, కొల్లాపూర్‌ల జేసినట్టు. నువ్వొక్కనివే తలకాయ ఊపి వచ్చినవ్. మా నాయిన చట్రానికి తూట్లు బొడిచి, దాన్నే వాని చేతుల వెట్టినవ్.

నీళ్లు తాగుతావా అని అడిగింది. తాగాను. ఆ ఇంట్లో నీళ్లు తాగడం ఇదే ఆఖరు అనిపించింది, ఏడుపొచ్చింది. మూడు ఊర్లకూ రాలేమని జాబు రాశాను.

10 జనవరి 1993

బోల్టులు విప్పాను. ప్లాస్టిక్ పారేశాను. చట్రం తీసుకుని వాళ్ల వీధి మొదటి దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఇది రెండోసారి.

షీట్ తీసింది నేనేనని అబ్బాజాన్‌కు చెప్పేశాను. అన్నీ చెప్పేశాను.  క్లారినెట్ డబ్బా తుడుచుకుంటూ, గిటార్ గావాలంటె ఇంకోటి దొరుకుతది బేటా అన్నాడు. మిగతాది అనలేదు.

14 జనవరి

షాపు గోడ మీద చట్రం లేదు. అబ్బాజాన్‌ను అడగలేదు.

2 మే. పొద్దున 11

షాపు ముందు నుంచి పెళ్లి బారాత్ పోయింది. క్లారినెట్ అబ్బాజాన్‌ది. పక్కన డప్పు ఇస్రాయేలుది. కొత్త తోలు, అంచున ఎనిమిది తూట్లు. షాపు ఎదుటే ఆగి, గడ్డి అంటించి సెగ పెట్టుకున్నాడు. ఇటు చూడలేదు.

లోపల గిటార్ తీశాను. వాళ్లు దూరం పోయేకొద్దీ తీగలు దించుకుంటూ వచ్చాను.