శరత్ చొక్కాకు పెట్రోలు వాసన

మయూర్ విహార్,
నవంబరు, 1997

కమలక్కకు, తమ్ముడు ఏలీయా వందనం. నీ కొడుకు శరత్‌ను ఇంటికి రైలెక్కించడం లేదు, ఏడవకు. మా సంఘం పాత జపాను కారుకు ఎంత పెట్రోలు పోసినా చాలడం లేదని, దాన్ని నడిపే శరతే తీసి అమ్ముకుంటున్నాడని, వాడి చొక్కా కూడా పెట్రోలు కంపేనని పోయిన కార్డులో రాశాను కదా. నిన్న నోయిడా మెకానిక్ మీటరు పెట్టి చూసి, "పాస్టర్ సాబ్, ఆక్సిజన్ సెన్సర్ పోయింది. పొగలో గాలి ఎంతుందో ఇంజనుకు చెప్పేది ఇదే. ఎప్పుడూ గాలే ఎక్కువంటోంది, ఇంజను పెట్రోలు గుమ్మరిస్తోంది" అన్నాడు. వీడూ శరతూ కూడబలుక్కున్నారేమో! ఒక్క సాక్షితో తీర్పు చెల్లదని మోషే ధర్మం. "ఇంకో రుజువేది భయ్యా?" అని గద్దించాను. గాలి పీల్చే గొట్టానికి గుడ్డ అడ్డం పెట్టాడు. గాలి అందక ఇంజను నల్లగా పొగ కక్కింది గానీ, సెన్సర్‌కు పెట్టిన మీటరు ముల్లు కదల్లేదు. అయినా నమ్మలేదు. ఇంటికొచ్చి, వెనక సీట్లో కూర్చునే నా ప్రసంగం కోటు వాసన చూశాను. అదే కంపు!

గుమ్మంలోంచి శరత్, "మామయ్యా, మరి కోటును ఏ రైలెక్కిస్తావు?" అన్నాడు.

కొత్తది వేయించినా పాత సెన్సర్ నా పెట్టెలోనే ఉంచాను, ఆ మెకానిక్‌ను ఇంకా నమ్మను. బావ దగ్గు తగ్గిందా? గోంగూర పచ్చడి పంపు, శరత్ పేరున. నింద కార్డు మీద వేశాను, వీధంతా చదివే ఉంటుంది. అందుకే ఇదీ కవరులో పెట్టలేదు. పోస్టుమాన్‌ను అరుగు మీద నిలబడి గట్టిగా చదవమను. మీ గడపకు దేవుడే కావలి ఉండుగాక.

ఏలీయా