నేను వేయించిన తాళమే నా భార్యకు అడ్డుపడిన సంగతి

మండల తహశీల్దార్ గారి సముఖమునకు, తుమ్మలవాడ నివాసి, రిటైర్డ్ బస్ కండక్టర్ కొమురెల్లి (సంఘంలో పేరు మత్తయి) వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా క్రైస్తవ సమాధుల స్థలం గురించి నా పాత అర్జీపై వెలువడిన ఉత్తర్వును ఈ రోజే రద్దు చేయుట గురించి.

1. మా ఊరిలో క్రైస్తవులవి ముప్పై ఎనిమిది గడపలు, చర్చీలు రెండు. నెత్తిన నీళ్లు చల్లినా బాప్తిస్మమేనని మా పాత సంఘం, నిండా మునిగితేనే బాప్తిస్మమని విడిపోయిన కొత్త సంఘం. సమాధుల స్థలం మాత్రం ఒక్కటే, ఇరవై గుంటలు. మా తాతల నాడు మా శవాలకు ఊరిలో ఎక్కడా జాగ ఇయ్యకపోతే మిషన్ వారు కొని ఇచ్చినది.

2. మూడేండ్ల క్రితం పాత సంఘం కార్యదర్శి హోదాలో నేను అర్జీ పెట్టుకొంటిని. మా సంఘంలో నీళ్లు చల్లించుకొని మళ్లీ రెండోసారి మునిగినవారికి సదరు స్థలంలో హక్కు లేదని, గేటు తాళంచెవి నా వద్దనే ఉండవలెనని కోరితిని. ఉత్తర్వు వచ్చినది. లామినేషన్ చేయించి గేటుకు నేనే కట్టితిని.

3. నిరుడు వానాకాలంలో కొత్త సంఘం వేణు చనిపోయిన తన తల్లి రాజలక్ష్మిని పెట్టెలో తెచ్చినాడు. "పెద్దనాయనా, అమ్మ తడుస్తున్నది, జెర తియ్యే" అని నా కాళ్లు పట్టుకున్నాడు. నేను ఉత్తర్వు చదివి వినిపించితిని. రెండు గంటలు చూసి, తీసుకుపోయి తన పొలం గట్టున పెట్టుకున్నాడు.

4. నిన్న మధ్యాహ్నం నా భార్య సుశీల చనిపోయినది. పోయే ముందు, ప్రార్థనకు వచ్చిన మా కమిటీ వారందరి ముందర, నా చేయి పట్టుకొని అన్నది: "రాజలక్ష్మిని నువ్వు వాపస్ పంపినవు గదా, గా నెలల్నే నేను కాల్వల మునిగి బాప్తిస్మం తీసుకున్న. కోరుట్ల దవాఖానకు పోతున్ననని నీకు అబద్ధం చెప్పిన."

5. ఇప్పుడు మా కమిటీ వారు "రూలు నువ్వు పెట్టిందే గదనే" అంటున్నారు. సంఘం రిజిస్టరులో ఆమె పేరు కొట్టివేయమని పెన్ను నా చేతికే ఇచ్చినారు. కొట్టివేయలేదు. నాకు పొలం లేదు, గట్టు లేదు. నలభై ఒక్క ఏండ్లు నాతో కాపురం చేసిన మనిషిని పెట్టుకునేటందుకు ఆరడుగుల జాగ లేదు. జగిత్యాల నుండి తెచ్చిన ఐస్ పెట్టెకు కరెంటు ఉండి ఉండి పోతున్నది. అయ్యా, నాకు భయమైతున్నది.

6. నా భార్య ఒక్కదానికే మినహాయింపు ఇప్పించమని మొదట వ్రాసితిని. సిగ్గై ఆ కాగితం చింపివేసితిని. ఉత్తర్వు మొత్తం రద్దు చేసి, వేణు కోరుకుంటే తన తల్లిని కూడా లోపలికి తెచ్చుకొనుటకు అనుమతి ఇప్పించగలరు.

పై తప్పు నాదేనని, ఆమెది కాదని చిత్తగించవలెను.

తమ విధేయుడు, నేటి వరకు కార్యదర్శి,
కొమురెల్లి

తా.క.: తమరు మీటింగుకు జగిత్యాల పోయినారట, సోమవారం రమ్మని అటెండర్ చెప్పిండు. సోమవారం దాక సుశీలను ఎట్ల ఉంచాలె సార్? తాళం నేనే తీస్తున్న. కేసు రాస్తే నా ఒక్కని మీదనే రాయండి. "బొంద తవ్వనీకి రా బిడ్డా, నీ కాళ్లు మొక్కుత" అని వేణుకు ఫోన్ చేసిన. నా మాట అయిపోంగనే పెట్టేసిండు. ఇప్పుడే మా బిడ్డ జ్యోతి ఫోన్ చేసింది. వేణు గడ్డపార పట్టుకొని గేటు కాడ నిలబడ్డడట. నన్ను కొట్టనీకో, తవ్వనీకో తెల్వదు. పోతున్న.